మళ్ళీ శిరివెళ్ల నుంచి

మా ఆస్పత్రిలో ఏడాదికొకసారి ప్రమాదాల రిహార్సలు జరిగేది. ఎక్కడో బస్సు బోల్తా పడినట్టు, దెబ్బలు తగిలినవాళ్ళను మేము గబగబా అందుకున్నట్టు. అది చూసినవాళ్ళకు నంద్యాలలో ప్రమాదంలో పడడమంత సుఖం మరొకటి లేదనిపించేది. మా వార్డు బాయ్‌లే దెబ్బలు తగిలినవాళ్ళు. ఒక్కొక్కరి మెడలో అట్టముక్క వేలాడేది. ఒకదాని మీద 'కాలు విరిగింది' అని, ఇంకొకదాని మీద 'తల పగిలింది' అని రాసేవాళ్ళం. కాలు విరిగినవాడు స్ట్రెచరు దూరంగా ఉందని తనే నడిచొచ్చి ఎక్కి పడుకునేవాడు. తల పగిలినవాడు బీడీ ముట్టించుకోవచ్చా అని నన్నడిగేవాడు. గేటు కాపలా మద్దయ్య పొద్దున్నుంచే పురుగును కూడా లోపలికి రానిచ్చేవాడు కాదు కాబట్టి ఆవరణంతా ఊడ్చిపెట్టినట్టు ఉండేది. అంతా అయ్యాక డాక్టరు ఆనందరావుగారు చేతి గడియారం చూసుకుని "బాగా చేశారు" అనేవారు. తర్వాత అందరికీ ఉప్మా, టీ.

నా పేరు లూదియా. క్యాజువాలిటీలో హెడ్ నర్సుని, సొంతూరు కోయిలకుంట్ల. నా నోరు కాస్త దురుసని నా వెనక అనుకుంటారు, ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. ఎనభై మూడులో ఆ ఉప్మా తింటూనే ఆనందరావుగారితో అనేశాను.

"అన్నీ బాగుండాయి సార్. చుట్టాలే లేరు."

ఆయన గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. "రిహార్సల్లో చుట్టాలెందుకండీ సిస్టర్?" అన్నారు.

"దెబ్బ తగిలినోడు మన గేటు కాడికి ఎప్పుడన్నా ఒక్కడే వచ్చినాడా సార్?"

ఆయన చెంచా ప్లేటులో పెట్టేశారు. నాకు గుర్తొచ్చినవాడే ఆయనకూ గుర్తొచ్చాడని ముఖం చూస్తే తెలిసింది.

సామ్యేలు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే చోట రాళ్ళెత్తే పని చేసేవాడు. అంతకుముందు ఎండాకాలం ఒక విగ్రహాన్ని ట్రాక్టరులో ఏదో ఊరికి పంపుతూ, కదలకుండా పట్టుకొమ్మని అతన్ని పక్కన కూర్చోబెట్టారు. ట్రాక్టరు కాలవ గట్టు మీద ఒరిగింది. విగ్రహం అతని కడుపు మీద పడింది. లారీలో వేసుకుని మా దగ్గరికి తెచ్చారు. అతనితో పాటు వాళ్ళ పేట సగం వచ్చింది. మద్దయ్య మేము నేర్పిన పనే చేశాడు. అందరినీ గేటు బయటికి నెట్టి గొళ్ళెం వేశాడు. అచ్చం రిహార్సల్లో లాగే, మనిషి ఒంటరిగా, శుభ్రంగా మా చేతికొచ్చాడు. లోపల రక్తం కారుతోందని తేల్చి, పరుగు మీద థియేటరుకు తీసుకెళ్ళి మత్తిచ్చాం. మత్తులో వాంతి చేసుకున్నాడు. అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. బల్ల మీదే పోయాడు. కడుపులో తగిలిన దెబ్బ చిన్నదేనని, కుట్లు వేస్తే బతికేవాడని ఆనందరావుగారు తర్వాత నాతో అన్నారు.

వాంతిలో వచ్చింది సోడా. దారిలో తాపారు. ఆ సంగతి ముందే తెలిస్తే ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి, తాగిందంతా తీసేశాకే మత్తిచ్చేవాళ్ళం. తెలిసిన మనిషి గేటు ఊచలు పట్టుకుని బయట ఏడుస్తూ ఉంది. ఆమె పేరు బాలమ్మ, సామ్యేలు తల్లి.

శవం పక్కన వరండాలో కూర్చుని ఆమె నా చెయ్యి పట్టుకుంది. "దాహం, దాహం అన్నాడు సిస్టరమ్మా. శిరివెళ్లలో లారీ ఆపిచ్చి సోడా తాపినా. తాగి, సల్లగుందిమా అన్నాడు. నా చేత్తో తాగి పోయినాడు. నాకు అదొక్కటే మిగిలింది."

"మంచిపని చేసినావమ్మా," అన్నాను.

ఇంకేమంటారు? ఆ క్షణంలో ఆ తల్లితో నిజం చెప్పే మనిషి ఉంటే తీసుకొచ్చి నాకు చూపించండి, నేనూ చూస్తాను. కానీ అది ఆ రోజుతో పోలేదు. బాలమ్మ నంద్యాల సంతకు వచ్చినప్పుడల్లా ఆస్పత్రికి వచ్చేది. కాసేపు నా దగ్గర కూర్చుని, ఆ సోడా మాట మొదటి నుంచి చివరిదాకా చెప్పేది. చెప్పి నా ముఖంలోకి చూసేది. నేను మళ్ళీ అదే మాట అనేదాన్ని. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని తేలికపడి వెళ్ళిపోయేది.

ఇదీ మా రిహార్సలులో లేని సంగతి. మా దగ్గర దెబ్బలు తగిలినవాళ్ళకు దాహం వెయ్యదు, వాళ్ళకు తల్లులు లేరు, ఆ తల్లుల్ని గేటు బయటికి నెట్టేవాడూ ఉండడు.

ఆనందరావుగారు వారం రోజులు నానబెట్టి, ఆ ఏడే ఇంకో రిహార్సలు పెట్టడానికి చివరికి ఒప్పుకున్నారు. నిజమైన చుట్టాల్లాంటి వాళ్ళను తెద్దాం, నిజమైన దారి మీదుగా తెద్దాం, గేటు దగ్గర ఒక్క చుట్టాన్ని మాత్రం లోపలికి రానిద్దాం, ఆ మనిషిని కూర్చోబెట్టి ఏం జరిగింది, ఏం తిన్నాడు, ఏం తాగాడు అని అడుగుదాం. అంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. మనుషుల్ని ఆళ్లగడ్డ నుంచి తెస్తానన్నప్పుడే ఆయన ముఖం మారింది.

"ఆ పేట వాళ్ళే ఎందుకండీ? సోడా మాట వస్తుంది. ఆమె చెవిన పడుతుంది. ఆ ఒక్క తృప్తితో బతుకుతోంది ఆవిడ, అదీ మనం లాగేసుకోవాలా?"

"మాట రాకపోతే రేపు ఇంకో తల్లి తాపుతాది సార్."

"అది నిజమే," అన్నారాయన. "ఇదీ నిజమే."

ఆయన చెప్పింది తప్పని అనడానికి నాకు ఏమీ దొరకలేదు. అయినా ఆళ్లగడ్డకే వెళ్ళాను. ఆ దారిన వచ్చే మనుషులే మాకు ఎక్కువ, పైగా అక్కడి చర్చి వాళ్ళు క్రిస్మస్ నాటకాల్లో చెయ్యి తిరిగినవాళ్ళు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య నన్ను మాట్లాడమన్నారు. "ఆ పొద్దు నిజంగా జరిగితే ఏం చేస్తారో అదే చెయ్యండి," అని చెప్పాను. "ఏడ్పొస్తే ఏడ్వండి. గేటు కాడ మద్దయ్య అడ్డమొస్తే తిట్టండి. నేను నేర్పేది ఏం లేదు." మద్దయ్యను తిట్టొచ్చనేసరికి ఆడవాళ్ళంతా సంతోషంగా ఒప్పుకున్నారు. దెబ్బ తగిలినవాడి వేషానికి శాంతయ్యను ఎంచుకున్నారు. అతను మిషన్ బడిలో పంతులు. ప్రతి క్రిస్మస్‌కు రాజు వేషం కట్టి చివర్లో చచ్చిపోయేవాడు, తెర లాగేవాడి చేతులు నొప్పి పుట్టేదాకా చచ్చిపోయేవాడు. అతనికి మాత్రం ఒక్క మాట నేర్పాను. కడుపులో రక్తం పోయేవాళ్ళకు విపరీతమైన దాహం. "దాహం అడుగుతానే ఉండాల. ఎవరేమన్నా ఆపొద్దు." తల్లి వేషం జీవమ్మకు ఇచ్చాం.

ఆ ఆదివారం బాలమ్మ చర్చికి రాలేదు. పాస్టరయ్యను పక్కకు పిలిచి, ఆమెను మాత్రం తీసుకురావద్దని చెప్పాను. "అట్లనేమ్మా," అన్నారాయన.

రిహార్సలు రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. మా వ్యాను చర్చి ముందు ఆగేసరికి, వెనకాల రావలసిన లారీ నిండా జనం ఎక్కి ఉన్నారు. శాంతయ్య చొక్కా నిండా మిఠాయి రంగు పూసుకుని మెట్ల మీద పడుకుని ఉన్నాడు. అతని తల బాలమ్మ ఒళ్ళో ఉంది.

జీవమ్మ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నేనేం చేతును సిస్టరమ్మా? నేను జేస్తా అని కూచునింది. ఆమెను వద్దనేకి నాకు నోరు రాలా."

పాస్టరయ్య నా వైపు చూడకుండా బైబిలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు.

"నువ్వెందుకు బాలమ్మా ఈ ఎండలో," అన్నాను.

"కొడుకును పోగొట్టుకున్నదాన్ని. నాకంటే బాగా ఎవురేడుస్తారు?" అంది. కోపంగా కాదు. ఒక పని చేతనైన మనిషి చెప్పినట్టు చెప్పింది. "ఆ పొద్దు మీరంతా వానికోసం శానా తిప్పలు పడినారు. నాదీ ఒక చెయ్యి ఉండనీ."

దింపేయాలని తెలుసు. ఏ మాట చెప్పి దింపాలో తెలియలేదు. ఎక్కమన్నాను.

వ్యానులో నా పని చూడడమే. నాలా చేతికి తెల్లగుడ్డ కట్టుకున్నవాళ్ళు ఏం జరిగినా నోరు మెదపకూడదు, చెయ్యి పెట్టకూడదు. ఆ నియమం పెట్టిందీ నేనే. శాంతయ్య స్ట్రెచరు మీద మూలుగుతున్నాడు. నిజం చెప్పాలంటే బాగా మూలుగుతున్నాడు. ఊరు దాటగానే మొదలుపెట్టాడు. "దాహం. అమ్మా, దాహం."

బాలమ్మ అతని జుట్టు వెనక్కి దువ్వుతూ కూర్చుంది. "వస్తాది నాయనా. శిరివెళ్ల వస్తాది."

శనగ చేలన్నీ కోసేసి నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. దారిలో ఎక్కడా నీడ లేదు. వ్యాను శిరివెళ్లలో ఆగకుండా పోతే బాగుండునని దేవుణ్ణి అడిగాను. అది చెడ్డ ప్రార్థనని తెలిసే అడిగాను, ఎందుకంటే ఆగి ఆ సోడా తాపడం కోసమే ఈ రిహార్సలంతా.

"ఆపప్పా, ఆపు!" బాలమ్మ డ్రైవరు వెనక ఇనుప జాలీ మీద అరచేత్తో కొట్టింది.

ఆమెకు ఏ దుకాణమో వెతుక్కునే పని లేకపోయింది. దిగి సరాసరి వెళ్ళింది. గోలీ లోపలికి నొక్కిన చప్పుడు నాకు వ్యానులోకి వినిపించింది. సీసా పట్టుకొచ్చి శాంతయ్య మెడ కింద చెయ్యి వేసి తల ఎత్తింది. నేను చెయ్యి చాచితే ఆ సీసా అందేది. చేతికి తెల్లగుడ్డ ఉంది కదా అనుకున్నాను. ఆ గుడ్డ నాకు అప్పుడు ఎంత పనికొచ్చిందో.

అతను గటగటా తాగేశాడు. పాపం, అతనికేం తెలుసు. "సల్లగుందిమా," అన్నాడు.

బాలమ్మ కళ్ళు మూసుకుంది. ఆ ముఖంలో ఎంత హాయి ఉందో నేను చెప్పలేను.

నంద్యాలలో గేటు దగ్గర మేము కోరుకున్నదంతా జరిగింది. లారీ దిగిన జనం మద్దయ్య మీద పడ్డారు. ఇరవై ఏళ్ళుగా అతను నెట్టిన వాళ్ళందరి బాకీ ఆ ఆడవాళ్ళు ఒక్క పూటలో తీర్చేశారు. ఏడుపులు, శాపనార్థాలు, ఊచలు పట్టుకుని ఊపడాలు. మద్దయ్యకు చెమటలు పట్టాయి. అయినా చెప్పినట్టే తల్లిని ఒక్కదాన్నే లోపలికి వదిలాడు. మిగతావాళ్ళు కాంపౌండు గోడ వారగా వచ్చి క్యాజువాలిటీ కిటికీల దగ్గర గుమిగూడారు.

ఆనందరావుగారు శాంతయ్య కడుపు తడిమి చూశారు. తల ఎత్తకుండానే కొత్తగా నేర్చుకున్న ప్రశ్న అడిగారు. "ఎవరమ్మా ఇతని తాలూకు? ఏమన్నా తిన్నాడా? తాగాడా?"

"సోడా తాగినాడు సార్. శిరివెళ్లలో నేనే తాపినా."

ఆ గొంతు విని ఆయన తల ఎత్తారు. ఆమెను చూశారు. తర్వాత నన్ను చూశారు.

గదిలో అందరూ ఆయన నోటి మాట కోసం ఆగారు. నాకు అంతా కళ్ళముందు కనిపించింది. ఆయన ఆ జవాబును వినీ విననట్టు వదిలేసి థియేటరుకు పదండి అనొచ్చు. రిహార్సలే కదా, శాంతయ్య లేచి కూర్చుంటాడు. కిటికీల దగ్గరున్న వాళ్ళంతా సోడా తాగినవాడికి ఆపరేషను చక్కగా జరిగిందని చూసి ఇంటికి పోతారు. బాలమ్మ కూడా.

ఆయన నర్సు వైపు తిరిగారు. "గొట్టం తీసుకురండి," అన్నారు. "కడుపు ఖాళీ చెయ్యకుండా మత్తివ్వడానికి లేదు."

"గొట్టమెందుకు సార్?" అంది బాలమ్మ.

"తాగింది తీసెయ్యాలమ్మా."

"ఎందుకు తీసేది? పాపం, దాహమని అడిగి తాగినాడు గదా."

నర్సు గొట్టం తెచ్చి పట్టుకుంది. బాలమ్మ ఆ గొట్టాన్ని చూసింది, శాంతయ్యను చూసింది, మళ్ళీ గొట్టాన్ని చూసింది. ఆమె ముఖంలో లెక్క నెమ్మదిగా తేలడం నేను చూశాను.

"మా వానికి ఇది ఏసినారా ఆ పొద్దు?"

ఆనందరావుగారు ఏదో అనబోయారు. నేను చేతి గుడ్డ ఊడదీసి ముందుకొచ్చాను. ఆ మాట ఆయన నోట రాకూడదనిపించింది. ఏడాదిగా అబద్ధం చెప్పింది నేను.

"ఏయలేదు బాలమ్మా. తాగినాడని మాకు తెలీదు. నిన్ను గేటు బయటికి నూకినాము. ఎవరమూ నిన్ను అడగలా."

"అడిగింటే?"

"అడిగింటే గొట్టమేసి తీసేసేవాళ్ళం."

"తీసేసింటే?"

నా నోరు దురుసని అన్నాను కదా. ఆ దురుసు ఆ క్షణం ఎక్కడికి పోయిందో. కిటికీలోంచి అన్ని ముఖాలూ నన్నే చూస్తున్నాయి. "మత్తులో ఆ సోడానే వాంతయి ఊపిరికి అడ్డం పడింది. దెబ్బ చిన్నదే."

"దెబ్బకు గాదా పోయింది?"

"దెబ్బకు గాదు."

శాంతయ్య బల్ల మీద కళ్ళు తెరిచి పడుకుని ఉన్నాడు. మూలగడం మరిచిపోయాడు. కిటికీ బయట జీవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మంచిపని చేసినావంటివే," అంది బాలమ్మ.

"అన్నా."

"వచ్చినప్పుడల్లా అంటివి."

"అన్నా."

ఆమె నన్ను కొడుతుందేమోనని అనుకున్నాను. కొడితే బాగుండేది. రెండు చేతులూ తిప్పి అరచేతుల వైపు చూసుకుంది, అంతే.

ఆనందరావుగారు స్టెతస్కోపు మెడలోంచి తీసేశారు. "ఇక చాలు. ఆపేద్దాం. అందరూ వెళ్ళండి."

"ఆపొద్దు," అంది బాలమ్మ.

"అమ్మా..."

"ఆపొద్దు సార్. ఇది మళ్ళా చేసేకి వస్తాది గదా? ఉత్తుత్తిదే గదా? మళ్ళా చెయ్యండి. శిరివెళ్ల నుంచి."

"వద్దు బాలమ్మా," అన్నాను. "మాట విను."

"నిన్నడగలా."

ఆనందరావుగారు రూలు దాటి ఒక్క అడుగు వెయ్యని మనిషి, అలాంటిది డ్రైవరును పిలిచి వ్యాను తియ్యమన్నారు.

శిరివెళ్ల దాకా వెళ్ళి వెనక్కి తిప్పాం. ఇంజను వేడికి వ్యాను లోపల కుమ్ములా ఉంది. శాంతయ్య స్ట్రెచరు మీద లేచి కూర్చున్నాడు. "నా చేత గాదు పెద్దమ్మా. నన్ను ఇడిసిపెట్టు."

"పండుకో. ఇందాక ఎట్ల అడిగినావో అట్లనే అడుగు."

పడుకున్నాడు. "దాహం," అన్నాడు సన్నగా.

"గట్టిగా అడుగు. వాడు గట్టిగా అడిగినాడు."

అతను గట్టిగా అడిగాడు. ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో చెంపలు పట్టుకుని కూర్చుంది. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "ఇప్పుడు గాదు నాయనా. డాక్టరు చూసినాంక." మొదట కాసేపు అది వేషమే. అయితే మిట్టమధ్యాహ్నం రెండోసారి ఆ దారి పట్టాం, ఎండ నెత్తికెక్కింది, అతని గొంతు నిజంగానే ఎండిపోయింది. పెదాల మీద తెల్లగా పొరలు కట్టాయి. "నిజ్జంగా దాహమైతాంది పెద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుతా," అన్నాడు. అది ఆటలో మాటా, బయట మాటా నాకు తెలియలేదు. ఆమెకూ తెలియలేదని అనుకుంటాను.

నంద్యాల మొగదల రైలు గేటు వేసి ఉంది. వ్యాను ఆగింది. ఆగిందో లేదో, ఎండలో ఆగిన బండి కోసమే కాచుకున్న సోడా అమ్మేవాడు కిటికీ దగ్గరికి వచ్చాడు. బుట్టలో తడిగోనె కింద పచ్చటి సీసాలు. ఒకటి తీసి కిటికీ చువ్వల్లోంచి లోపలికి చాచాడు. "సల్లని సోడామా."

శాంతయ్య తల తిప్పి ఆ సీసాను చూశాడు. "అమ్మా," అన్నాడు. ఇందాకటి నుంచి పెద్దమ్మా అంటున్నవాడు.

బాలమ్మ చెయ్యి లేచింది. సీసా వైపే పోయింది. ఆ చెయ్యి సీసా దగ్గరికి పోయి, దాన్ని దాటి, వాడి మణికట్టు పట్టుకుని బయటికి తోసేసింది.

"పో ఈడ్నించి! బేగా పో! నా కొడుకును సంపేకి వచ్చినావా?"

వాడు బిత్తరపోయి బుట్ట ఎత్తుకుని పారిపోయాడు. బాలమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఒళ్ళంతా కదిలిపోతోంది, గొంతులోంచి మాత్రం చప్పుడు రాలేదు. నేను ఉండలేకపోయాను. నా నీళ్ళ సీసా మూత తీసి ముందుకు చాచాను. "గుడ్డ తడిపి పెదాలకు అద్దొచ్చు. అంతవరకైతే ఏం కాదు." నా వైపు చూడకుండా సీసా లాక్కుంది. కొంగు చివర తడిపి అతని పెదాల మీద అద్దింది. అతను ఆ కొంగు చప్పరించబోతే గడ్డం పట్టుకుని నోరు మూసింది. రైలు పోయింది. గేటు తీశారు.

ఈసారి మద్దయ్యను ఎవరూ తిట్టలేదు. లోపలికి దారి వదిలి గోడ పక్కన నిలబడ్డారు జనం. ఆనందరావుగారు మొదటిసారి చూస్తున్నట్టే అతని కడుపు తడిమారు. మొదటిసారి అడుగుతున్నట్టే అడిగారు.

"ఏమన్నా తాగాడా అమ్మా?"

"లేదు సార్. అడిగినాడు. నేనియ్యలా."

"పదండి, థియేటరుకు," అన్నారు.

మామూలుగా మా రిహార్సలు థియేటరు తలుపు దగ్గర అయిపోతుంది. స్ట్రెచరు లోపలికి పోగానే ఆయన గడియారం చూసుకుంటారు. తలుపులు మూసుకున్నాక శాంతయ్య బల్ల మీద లేచి కూర్చుని, కుండలో గ్లాసు ముంచి ఒకదాని తర్వాత ఒకటి తాగాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేను తలుపు తియ్యబోయాను.

"ఉండండి సిస్టర్," అన్నారు ఆనందరావుగారు.

"ఎంతసేపు సార్?"

"ఆపరేషనుకు పట్టేంతసేపు."

ఆయన చేతులు కడుక్కున్నారు. గౌను వేసుకుని, చేతి తొడుగులు తొడుక్కుని, ఖాళీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నారు. మేము ముగ్గురం ఆ ఉక్కలో కూర్చున్నాం. బయట అంతమంది ఉన్నా ఒక్క గొంతు వినిపించలేదు. ఒకసారి తలుపు సందులోంచి చూశాను. బాలమ్మ గోడకు ఆనుకోకుండా, కింద కూర్చోకుండా, తలుపుకు ఎదురుగా నిలబడి ఉంది. ఏడాది కిందట ఆమె నిలబడింది గేటు బయట. ఈ తలుపు దాకా ఆమెను ఎవరూ రానివ్వలేదు. నాకు దుఃఖం ఆగలేదు. గోడ వైపు తిరిగి ఏడ్చాను.

చాలాసేపటికి ఆయన లేచారు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళారు. నేను ఆయన వెనకే ఉన్నాను. బాలమ్మ అడగలేదు. కళ్ళెత్తి ఆయన నోటి వైపు చూసింది.

"బతికాడమ్మా," అన్నారు ఆనందరావుగారు.

ఆమె తల ఆడించింది. "ఇది అబద్ధమని నాకు తెలుసు సార్. తెలిసే వింటాండా. దానికేం బాధ లేదు." తర్వాత నా వైపు తిరిగింది. సంతకొచ్చి నా ఎదురుగా కూర్చున్నప్పుడు చూసిన చూపు కాదది. "ఈమె చెప్పిందే అబద్ధమని తెలీకుండా విన్నా."

ఆమె నన్ను దారి వదలమని కూడా అనకుండా పక్కనుంచి నడిచి, జీవమ్మ చెయ్యి పట్టుకుని లారీ ఎక్కింది.